రోసల్‌లో మనవాళ్ల ఇల్లు

చిన్నారులకు,

తాతయ్య ఆశీస్సులు. స్కాట్లండ్‌లో అమ్మ తరఫు మకాయ్‌ల పాత ఇల్లు ఎక్కడుండేదో కనిపెట్టాలని మీరిద్దరూ పట్టుబట్టారని నాన్న చెప్పాడు. ఉద్యోగమంతా సర్వే శాఖలో గొలుసులు లాగించి, పటాలు గీసినవాణ్ణి కాబట్టి నన్నడగమన్నాడట. సరే, ఒక మాట ముందే చెబుతాను, తర్వాత అలగొద్దు. రెండు వందల ఏళ్ల కిందటి కౌలురైతు ఇల్లు ఫలానాదే అని వేలుపెట్టి చూపించడం దాదాపు కుదరని పని. ఊరు మాత్రం దొరుకుతుంది. వాళ్లు దున్నిన చేలు, కట్టిన గట్టు, గింజలు ఆరబెట్టిన చోటు దొరుకుతాయి. నన్నడిగితే ఒక్క ఇంటికన్నా అదే ఎక్కువ.

ముందు కాగితాల పని. ఇవాళ్టి నుంచి వెనక్కి, ఒక్కో తరమే వెళ్లాలి. మధ్యలో ఒక తరం వదిలేస్తే ఇంకెవరి తాతో మన తాతైపోతాడు. వాళ్లుండిన ఉత్తర స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌నేవర్ లోయ అసలే మకాయ్‌ల సీమ, ఎటు చూసినా అదే ఇంటిపేరు. స్కాట్లండ్‌లో జనన మరణాలు, పెళ్లిళ్లు ప్రభుత్వం నమోదు చెయ్యడం 1855 జనవరి 1న మొదలైంది. ఆ మొదటి ఏడాది గుమాస్తాల చేత మరీ ఎక్కువ రాయించారు. పోయినవాళ్లు ఎక్కడ పుట్టారు, ఆ ప్రాంతంలో ఎన్నేళ్లున్నారు, తల్లిదండ్రులెవరు, పిల్లలెవరు, అన్నీ ఉంటాయి. రాయలేక చేతులెత్తేసి మరుసటి ఏడాదే తగ్గించుకున్నారు. మీ అమ్మ వంశంలో ఒక ముసలమ్మ అక్కడి బెటీహిల్ ఊళ్లో సరిగ్గా 1855లోనే పోయింది. పాపం అనాలో, మన అదృష్టం అనాలో! ఇంకో సుఖం, అక్కడి రికార్డుల్లో పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు. మకాయ్‌ల గుంపులో మన మకాయ్ ఎవరో తేల్చేది చాలాసార్లు భార్య పేరే.

జనాభా లెక్కలు 1841 నుంచి పదేళ్లకోసారి ఇంటింటి పేర్లతో ఉన్నాయి. 1841లో పదిహేను దాటినవాళ్ల వయసును ఐదుల్లోకి కుదించి రాశారు కాబట్టి ‘40’ అని ఉంటే 44 కూడా కావచ్చు. పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ఊళ్ల పరిధి) కావాలంటే 1851 చూడండి, మనవాళ్లకు ‘ఫార్’ అని ఉంటుంది. 1861 నుంచి కిటికీ ఉన్న గదులెన్నో కూడా లెక్కపెట్టారు. ‘1’ అని కనబడితే అదే ఇంట్లో ఎన్ని పేర్లున్నాయో వేలితో లెక్కపెట్టుకుంటూ పోండి, ఇల్లెలా ఉండేదో అర్థమవుతుంది. ఇవన్నీ స్కాట్లండ్స్‌పీపుల్ వెబ్‌సైటులో ఉన్నాయి. అసలు పేజీ చూడాలంటే డబ్బు కట్టాలి. నాన్న కార్డు అడిగి వాడండి, అడక్కుండా కాదు.

1855కి ముందైతే చర్చి రిజిస్టర్లే దిక్కు. మనకు పనికొచ్చింది అదే. బాప్టిజం రాసేటప్పుడు తండ్రి ఉండే పల్లె పేరు కూడా రాశారు: రోసల్.

ఇక పటాలు, నా సొంత సామ్రాజ్యం. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం తన పటాలను ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది. 1747–55 మధ్య విలియం రాయ్ సైన్యం కోసం చేయించిన సర్వేలో ఇళ్లు ఎర్రగా, దున్నిన నేల గీతలు గీతలుగా ఉంటాయి. అది గబగబా చేసిన పని, దూరాలు కొలవడానికి నమ్మకండి. ఫలానా చోట ఊరుండేదని తెలుసుకోవడానికి చాలు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఆరంగుళాల పటం తెరవండి. మైలుకు ఆరంగుళాలు, చాలా చక్కటి పని. అందులో కప్పు ఉన్న ఇల్లు నింపి ఉంటుంది, కప్పు లేనిది ఉత్త గీతల పెట్టెగా ఉంటుంది. మీరు వెతకాల్సింది ఆ ఖాళీ పెట్టెల కోసం.

అవి ఎందుకు ఖాళీ అయ్యాయో మీ వయసుకు తెలియాల్సిందే. ఆ లోయకు యజమానురాలు, సదర్లండ్ కౌంటెస్ (జమీందారిణి లాంటిది) ఎలిజబెత్ ఎస్టేటు వాళ్లకు రైతుల కౌలుకన్నా గొర్రెల మీదే ఆదాయం ఎక్కువని తేలింది. 1814లో, మళ్లీ 1819లో లోయలో జనాన్ని ఖాళీ చేయించి సముద్రపు ఒడ్డుకు తోలారు. ఆ చోట కర్ర కరువు, ఇంటికి దూలాలే ఆస్తి. మళ్లీ కప్పు వేసుకోకుండా వాటినే తగలబెట్టారు. ఎస్టేటు మనిషి పాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్‌నెస్‌లో కేసు నడిచింది, నిర్దోషి అన్నారు. ఒడ్డున వెలిసిన బెటీహిల్‌కు ఆ కౌంటెస్ పేరే పెట్టారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రోసల్‌కు వెళ్లినప్పుడు ఎత్తైన గోడలు ఉంటాయనుకోకండి. రాళ్లు పునాదికి వేసి, పైన గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు పేర్చేవాళ్లు. మట్టి మట్టిలో కలిసిపోయింది, పునాది వరసలే మిగిలాయి. అడవి పెంచకముందు, 1962లో పురావస్తు పరిశోధకుడు హోరెస్ ఫెయిర్‌హర్స్ట్ అక్కడ తవ్వించాడు. ఊళ్లో డెబ్భై దాకా కట్టడాల ఆనవాళ్లున్నాయి. వాటిలో ఏది మనదో చెప్పడానికి ఏ కాగితమూ లేదు. ఇల్లు పొడుగ్గా ఉండేది, ఒక కొసన మనుషులు, రెండో కొసన ఆవులు, మధ్యలో పీట్ (బురదనేలలోంచి కోసి ఎండబెట్టిన మట్టి) మంట, పొగ కప్పులోంచే పోవాలి. పేడనీళ్లు పోయే కాలువ ఏ కొసన ఉంటే అది పశువులది. గిన్నెలా గుండ్రంగా దిగిన గుంట కనిపిస్తే అది పంట ఆరబెట్టే బట్టీ. అక్కడి తడి వాతావరణంలో ఓట్స్, బార్లీ గింజలు ఎండకు ఆరవు.

అసలు సంగతి నేల చెబుతుంది. చుట్టూ గోధుమరంగు హెదర్ పొదలు ఉండి మధ్యలో పచ్చగడ్డి ఉంటే తరాల తరబడి ఎరువు పడ్డ నేల. గోడ పక్కన నెటిల్ అనే దురద మొక్కలు గుంపుగా లేస్తే అక్కడ పశువులో, పెంటకుప్పో ఉండేవి. సాయంత్రపు వాలు ఎండలో నేల మీద దువ్వెన పెట్టి దువ్వినట్టు వరసలు తేలతాయి, అవే చేల బోదెలు. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఒక్కటీ కనబడదు. ఎండాకాలంలో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క అంతా కప్పేస్తుంది, పైగా మిడ్జ్‌లనే కుట్టే చిన్న పురుగులు పీక్కు తింటాయి. ఏప్రిల్ మంచిది. అప్పుడు గొర్రెలు ఈనే కాలం, మీ కుక్కపిల్లను ఇంట్లో వదిలేయండి. స్కాట్లండ్‌లో 2003 చట్టం ప్రకారం చాలావరకు ఎవరి భూమిలోనైనా బాధ్యతగా నడిచే హక్కు మీకుంది. రాయి మాత్రం ఒక్కటీ కదపొద్దు, జేబులో వేసుకోవద్దు.

బెటీహిల్‌లో పాత చర్చిలో స్ట్రాత్‌నేవర్ మ్యూజియం ఉంది, ముందు అక్కడ ఆగండి. ఎస్టేటు కౌలు లెక్కలు ఎడిన్‌బరాలో జాతీయ గ్రంథాలయంలోనే ఉన్నాయి, మీ ఇంటికి బస్సు దూరం. పల్లెవారీగా కౌలుదార్ల పేర్లు అందులో చూడొచ్చు. సెలవుల్లో అమ్మను పట్టుకెళ్లండి, చేతిరాత చదవడం ఆవిడకు అలవాటే.

నాకో పని చేసిపెట్టండి. రోసల్ చుట్టూ ఊరి గట్టు ఉంది, దాని వెంట నడుస్తూ ప్రతి మలుపుకూ అడుగులు లెక్కపెట్టి, ఫోన్లో దిక్కు చూసి రాసుకోండి. పెద్దాడు అడుగులు, చిన్నది దిక్కు. ఇద్దరూ ఒకటే లెక్కపెట్టి పోట్లాడుకోవద్దు. ఆ కాగితం ఫోటో తీసి పంపితే ఇక్కడ స్కేలుతో గీసి, ఆర్డ్నెన్స్ వాళ్ల పటం మీద పెట్టి చూస్తాను.

మీ తాతయ్య