ప్లేటులో చచ్చిన కణాలు, పేపర్లో వచ్చిన మందులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

బరంపురంలో సెల్ కల్చర్ (ల్యాబులో కణాల్ని పెంచే పని) చేస్తుంటానని తెలిశాక చుట్టాలంతా నాకు వాట్సాప్‌లో పంపేది ఒకటే రకం కటింగు: ‘ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను చంపేసిన ఆకు పసరు’.

అపోహ: ల్యాబులో క్యాన్సర్ కణాలు చచ్చాయంటే మందు దొరికినట్టే.

వాస్తవం: కానే కాదు. ఇలాంటి వార్తల వెనక తరచుగా ఉండేది ఏ549 సెల్ లైన్, అంటే ఒక ఊపిరితిత్తుల కణితి నుంచి తీసి ల్యాబుల్లో పెంచుతూ వస్తున్న కణాల సంతతి. 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో, ఫ్లాస్కు అడుగున పరుచుకుని, దాదాపు రోజుకోసారి రెట్టింపవుతుంది. దాన్ని చంపడం ఘనకార్యమేం కాదు. బ్లీచింగ్ చుక్క పడినా చస్తుంది, పసరు కరిగించే డీఎంఎస్ఓ అనే ద్రావకం పాళ్లు మించినా చస్తుంది. ఎంత మోతాదుకి చచ్చాయి, మామూలు కణాలు బతికాయా అని అడగండి. పసుపులో ఉండే కర్క్యుమిన్‌నే తీసుకోండి. ప్లేటులో పదులకొద్దీ మైక్రోమోలార్ (ద్రవంలో మందు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) పోస్తే కణాలు గుండ్రంగా ముడుచుకుని, అడుగు వదిలి తేలతాయి. అదే కర్క్యుమిన్ రోజుకు 8 గ్రాములు మింగిన మనుషుల రక్తంలో సగటున 2 మైక్రోమోలార్ కూడా చేరలేదు. పేగులు పీల్చేదే తక్కువ, ఆ కాస్తనీ కాలేయం మార్చేస్తుంది. ప్లేటుకి పేగుల్లేవు, కాలేయమూ లేదు.

పోనీ అసలు మందుల సంగతి? జెఫిటినిబ్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు పీసీ-9 అనే మరో సెల్ లైన్ కణాల్ని ఇట్టే చంపుతుంది, ఏ549 దగ్గర అంతగా పనిచేయదు. పీసీ-9లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు), ఏ549లో కేఆర్ఏఎస్ అనే వేరే జన్యువులో. రెండూ ఊపిరితిత్తుల క్యాన్సరే మరి.

పర్లాకిమిడిలో పిన్ని వరసావిడ ఇలాంటి కటింగు చూసే బాబాయి కీమో మధ్యలో మాన్పించి నేలవేము కషాయం పట్టించింది. “మీ ల్యాబుల్లోనే చచ్చాయట కదా నాయనా” అంది. ఆవిణ్ణి ఏమనగలను? ఆయన వాంతులు చూడలేక, కటక్ ప్రయాణాలు పడలేక చేసిన పని. నా కోపమంతా ఆ కటింగు ఫార్వర్డ్ చేసినవాళ్ల మీద. కషాయం సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను, వెళ్లారు. కీమో మళ్లీ మొదలైంది, ఆలస్యంగా. వాంతులు ఆగకపోతే డాక్టరుకి చెప్పండి, వాటికి మంచి మందులున్నాయి. కషాయం తాగుతుంటే అదీ దాచకండి.

మిగతావి చిన్నవి. ఈ కణాలతో పనిచేస్తే మాకు క్యాన్సర్ అంటుకుంటుందా? పరాయి మనిషి కణాల్ని మామూలుగా ఒళ్లు బతకనివ్వదు. గ్లవ్స్ మాకెంతో కణాలకీ అంతే: బ్యాక్టీరియా పడిందా, గులాబీ రంగు మీడియా (కణాల్ని పెంచే పోషక ద్రవం) తెల్లారేసరికి పసుపుగా, మడ్డిగా మారుతుంది.

మీ బయాప్సీ ముక్కలు దొంగచాటుగా మా ఫ్లాస్కుల్లోకి వస్తున్నాయా? ఏ549 1972లో అమెరికాలో 58 ఏళ్ల మనిషి కణితి నుంచి మొదలైంది. మన దేశంలో ల్యాబులు సాధారణంగా పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం (ఎన్‌సీసీఎస్) నుంచి తెప్పించుకుంటాయి. రోగి నమూనా కావాలంటే సాధారణంగా ఎథిక్స్ కమిటీ అనుమతి, ఒప్పుకోలు కాగితం మీద మీ సంతకం రెండూ ఉండాలి. సంతకం పెట్టేముందు ఆ కాగితం చదివి వినిపించమనండి, తెలుగులోనైనా ఒడియాలోనైనా.