మైక్రాన్ల లెక్క: లేజర్‌తో సైటు తీయించుకునే ముందు

మైనస్ నాలుగు సైటున్న కంటికి లాసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేస్తే, కార్నియాలో, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలో, లేజర్ చెక్కేసే మందం సుమారు 48 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఆపరేషన్ ఫలితమంతా ఆ కాస్తలోనే ఉంది, పోయిన ఆ కాస్తా మళ్లీ పెరగదు. అందుకే ఈ ఆపరేషన్‌లో అసలు పని లేజర్ గదిలోకి వెళ్లకముందే, కొలతల దగ్గరే జరగాలి.

48 ఎలా వచ్చిందంటే, సైటు పవర్‌ని లేజర్ పడే వలయం వ్యాసం వర్గంతో గుణించి మూడుతో భాగిస్తారు. వలయం 6 మిల్లీమీటర్లయితే 4 × 36 ÷ 3 = 48. నిజానికి అంచులు నునుపుగా కలవడానికి యంత్రం ఇంకొంచెం ఎక్కువే తీస్తుంది.

సగటు కార్నియా మధ్యలో 540 మైక్రాన్ల మందం ఉంటుంది. అందులో పైన 110 మైక్రాన్ల పలచని పొరను ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కోసి, ఒకవైపు అతుకు ఉంచి, పుస్తకంలో పేజీలా పక్కకి తిప్పుతారు. దీన్నే ఫ్లాప్ అంటారు. కింద బయటపడ్డ భాగాన్ని ఎక్సైమర్ లేజర్ చెక్కుతుంది. ఆ లేజర్ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా తగిలినంతమేర మాత్రమే తొలగించగలదని 1981లో ఐబీఎం పరిశోధనశాలలో తేల్చిన ముగ్గురిలో ఒకరు రంగస్వామి శ్రీనివాసన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివినాయన.

తర్వాత ఫ్లాప్‌ని యథాస్థానంలో పరుస్తారు. అది అతుక్కుంటుంది గానీ కంటికి మునుపటి బలాన్నివ్వదు. కార్నియాలో గట్టి పోగులు ముందు భాగంలోనే ఉంటాయి మరి. కాబట్టి కంటి లోపలి ఒత్తిడిని కాయాల్సింది ఫ్లాప్ కింద మిగిలిన భాగమే. అది 250 మైక్రాన్లకు తగ్గకూడదు, 300 ఉంటేనే నిశ్చింత.

ఇప్పుడు మైనస్ ఎనిమిది సైటు, 480 మైక్రాన్ల కార్నియా ఉన్న కన్ను తీసుకోండి. ఫ్లాప్ 110, చెక్కుడు 96, మిగిలేది 274. కనీస హద్దు దాటలేదు కదా అనిపిస్తుంది. కానీ ఫ్లాప్, చెక్కుడు కలిపి మొత్తం మందంలో 43 శాతం కదిలిపోయింది. 40 శాతం దాటితే ప్రమాదమని నిపుణులు లెక్కవేస్తారు. ఇలాంటి కంటికి లాసిక్ వద్దనడమే మంచి వైద్యం. కంటి లోపల ఐరిస్ (రంగు పొర) వెనక అమర్చే ఐసీఎల్ లెన్స్ వంటి దారులు వేరే ఉన్నాయి. దాని ప్రమాదాలు దానికున్నాయి గానీ కార్నియా పలచబడదు.

బలం చాలని కార్నియా నెలలకో, ఏళ్లకో ముందుకు ఉబుకుతుంది. దీన్ని ఎక్టేసియా అంటారు. అరుదే, అయినా నాకు అన్నిటికంటే భయం దీని గురించే. తీసేసిన సైటు తిరిగొస్తుంది, సిలిండర్ (కార్నియా వంపు తేడా వల్ల వచ్చే సైటు) పెరుగుతుంది, అక్షరం పక్కనే దాని నీడ కనిపిస్తుంది, కళ్లజోడుతో కూడా సరికాదు. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతితో పోగుల్ని బిగించే క్రాస్‌లింకింగ్ ఉబుకును చాలావరకు ఆపుతుంది, పోయిన ఆకారాన్ని పూర్తిగా తేలేదు. తర్వాత గట్టి కాంటాక్ట్ లెన్సులు, కొందరికి కార్నియా మార్పిడి.

మందం ఒక్కటే చూస్తే చాలదు. కార్నియా దానంతటదే పలచబడి ముందుకు ఉబికే కెరటోకోనస్ అనే జబ్బు తొలిదశలో మామూలు పరీక్షకి దొరకదు. కార్నియా ముందు, వెనక ఉపరితలాలు రెండింటి పటం తీయించాలి. ఎండా దుమ్మూ వల్ల వచ్చే కంటి అలర్జీతో చిన్నప్పటినుంచీ కళ్లు నులుముకునే అలవాటుంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి. ఆ జబ్బుకీ నులుముకోవడానికీ గట్టి సంబంధముంది. పటం తీసేముందు సాఫ్ట్ లెన్సులు కనీసం ఒకటి రెండు వారాలు, గట్టివి మూడు నాలుగు వారాలు మానెయ్యాలి. లేకపోతే కొలిచేది లెన్స్ ఒత్తిన ఆకారాన్నే.

ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బంది కళ్లు పొడిబారడం. కార్నియా నరాలు చుట్టుపక్కల నుంచి మధ్యకి వస్తాయి. ఫ్లాప్ కోత వాటిని తెంపుతుంది. నరం తెగితే కంటికి పొడి తెలియదు, రెప్ప తక్కువగా పడుతుంది, నీరు తక్కువగా ఊరుతుంది. మొదటి మూడు నెలలు ఎక్కువగా ఉండి, చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తగ్గుతుంది. కొద్దిమందికి తగ్గదు. ఏసీ గదిలో రోజంతా మానిటర్ చూసేవాళ్లు ముందే షిర్మర్ పరీక్ష చేయించుకోవాలి. కింది రెప్పలో పెట్టిన కాగితపు పట్టీ 5 నిమిషాల్లో 10 మిల్లీమీటర్లు కూడా తడవకపోతే ఆగి ఆలోచించాలి. స్మైల్ అనే మరో లేజర్ పద్ధతిలో ఫ్లాప్ ఉండదు, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల కోతలోంచి లోపలి బిళ్లను లాగుతారు గనక నరాలు తక్కువ తెగుతాయి.

అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ భాగస్వామిగా లాసిక్ చేయించుకున్నవాళ్లపై జరిపిన ప్రౌల్ అధ్యయనాల్లో, ముందు ఏ దృష్టి ఇబ్బందీ లేనివాళ్లలో 40 శాతానికి పైగా మూడు నెలలకి కొత్తగా ఏదో ఒకటి చెప్పారు. ఎక్కువగా దీపాల చుట్టూ వలయాలు. అయినా చూపు పట్ల తృప్తి 95 శాతం దాటింది. రెండూ నిజమే, రెండూ చెప్పి సంతకం తీసుకోవాలి. రాత్రిళ్లు బండి నడిపి బతికేవాళ్లకి ఆ వలయాలు చిన్న సంగతి కాదు.

మొదటి వారం ఫ్లాప్ జాగ్రత్త. పడుకునేటప్పుడు ప్లాస్టిక్ కవచం పెట్టుకోవాలి, నులమకూడదు. మొదటిరోజు మంట, నీరు కారడం మామూలే. రెండోరోజు నొప్పి తగ్గకపోగా పెరిగినా, చూపు మసకేసినా తెల్లారేదాకా ఆగకండి. ఫ్లాప్ కింద వాపో, ముడతో, ఇన్‌ఫెక్షనో అయ్యుండొచ్చు. తొలి గంటల్లో ఫ్లాప్ ఎత్తి కడిగితే సరిపోయేది రోజులు గడిస్తే మచ్చ పడుతుంది.

నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది, లేజర్ దాన్ని ఆపదు. కార్నియా పలచబడ్డాక కంటి ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అందువల్ల నీటికాసులు కనిపెట్టడం ఆలస్యం కావచ్చు. లేజర్ తర్వాతా మైనస్ కన్ను లోపల పొడవుగానే ఉంటుంది గనక మెరుపులు, నల్లచుక్కలు కనిపిస్తే రెటీనా చూపించుకోవాలి. ఇక శుక్లాల ఆపరేషన్ నాటికి, మారిన కార్నియా మీద మామూలు సూత్రంతో లెక్కగడితే లెన్స్ పవర్ తప్పి ప్లస్ సైటు మిగులుతుంది. లేజర్‌కి ముందున్న పవర్, కార్నియా వంపు, మందం, చెక్కిన మైక్రాన్లు రాసిన కాగితం అడిగి తీసుకుని, ఇంటి దస్తావేజులతోపాటు దాచండి. ఇరవై ముప్పయ్యేళ్ల తర్వాత ఇంకో డాక్టరు దాన్ని అడుగుతారు.