బీగిల్ కుక్కలు, ధర్నాలు: ఒక ల్యాబు పశువైద్యుడు వినే అపోహలు

కొత్త మందుల భద్రతను పరీక్షించే ల్యాబులో పదకొండేళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ల్యాబు ప్రయోగాల కోసం బీగిల్ కుక్కలను పెంచే కేంద్రం ముందు ధర్నా అని వార్త వస్తే చాలు, బంధువుల ఫోన్లు మొదలవుతాయి. కొందరికి నేను కసాయిని, కొందరికి ధర్నా చేసేవాళ్లు పనిలేనివాళ్లు.

అపోహ: మునిసిపాలిటీ బండి పట్టుకెళ్లిన వీధి కుక్కలే ల్యాబులకు చేరతాయి.

వాస్తవం: మన దేశంలో 1998 నాటి నిబంధనల ప్రకారం నమోదైన పెంపకందారుల దగ్గరే జంతువులను కొనాలి. అదలా ఉంచినా, వయసు, వచ్చిపోయిన జబ్బులు తెలియని కుక్క మీద చేసిన పరీక్ష ఎవరికీ పనికిరాదు. అయితే ఈ భయం ఊరికే పుట్టలేదు. 1965లో అమెరికాలో పెప్పర్ అనే పెంపుడు డాల్మేషియన్ మాయమై, న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి ప్రయోగంలో చనిపోయింది. మరుసటి ఏడాదే అక్కడ జంతు సంక్షేమ చట్టం వచ్చింది.

అపోహ: మనిషి శరీరానికి దగ్గర కాబట్టే బీగిల్‌ను ఎంచుకున్నారు.

వాస్తవం: చిన్నది, గుంపులో కలిసిపోతుంది, సూది గుచ్చినా కరవదు. ఆ సాధుగుణమే దాని కొంప ముంచింది. రక్తం తీయడానికి ఒక కాలు పట్టుకుంటే తోకాడిస్తూ రెండో కాలు కూడా నా చేతిలో పెట్టే ఆడకుక్క ఒకటి మా దగ్గర ఉండేది. చెవి లోపల పచ్చబొట్టు నంబరే దాని పేరు. ఇక పోలిక అంటారా, క్షయ మందు ఐసోనియాజిడ్‌ను విరిచే ఎంజైము కుక్కలకు లేదు. రోగి నెలల తరబడి మింగే ఆ మాత్రలు కొన్ని తిన్నా కుక్కకు మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. అలాగని కుక్కల వల్ల ఏమీ తెలియలేదనడమూ అబద్ధమే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ పనితనాన్ని చూసింది క్లోమం తీసేసిన కుక్కల్లోనే.

అపోహ: కంచె దూకి కుక్కపిల్లలను ఎత్తుకుపోవడమే ఈ ఉద్యమం.

వాస్తవం: ఫొటోలకెక్కేది అదే. 2012 ఏప్రిల్‌లో ఇటలీలోని గ్రీన్ హిల్ అనే బీగిల్ పెంపక కేంద్రం నుంచి ఉద్యమకారులు పదుల సంఖ్యలో కూనలను పట్టపగలు కంచె మీదుగా అందించారు. అదే ఏడాది జూలైలో అధికారులు స్వాధీనం చేసుకున్నవి మాత్రం 2,500 పైనే. అమెరికాలోని వర్జీనియాలో ఎన్విగో కంపెనీ బీగిల్ కేంద్రాన్ని మూయించినవీ తనిఖీ నివేదికలే. ఏడు నెలల్లో 300కు పైగా కూనలు కారణం తేలకుండా చనిపోయాయని, పాలిచ్చే తల్లులకు తిండి ఆపారని వాటిలో ఉంది. ఇందులో సైన్సు ఎక్కడుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2022లో సుమారు 4,000 బీగిళ్లను అక్కడి నుంచి విడిపించి దత్తతకు పంపారు. 2024లో కంపెనీ నేరం ఒప్పుకుంది, 3.5 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి అంగీకరించింది.

అపోహ: పెంపక కేంద్రాలు మూస్తే ప్రయోగాలు ఆగిపోతాయి.

వాస్తవం: ఇటలీ 2014లో నిషేధించింది ప్రయోగాల కోసం కుక్కలను పెంచడాన్ని, ప్రయోగాలను కాదు. కాబట్టి కుక్కలు సరిహద్దు దాటి వస్తున్నాయి. గిరాకీ పుట్టేది కొత్త మందుల అనుమతుల దగ్గర. మందును మనుషులకు ఇచ్చే ముందు ఎలుకల్లోనే కాక, ఎలుకజాతి కాని మరో జంతువులోనూ పరీక్షించి చూపమంటారు. ఆ ముడి ఇప్పుడిప్పుడే వదులవుతోంది. అమెరికా 2022 డిసెంబరులో జంతు పరీక్ష తప్పనిసరి అనే షరతును చట్టం నుంచి తీసేసింది. మనవాళ్లు 2023 మార్చిలో కణాలపై పరీక్షలకు, కంప్యూటర్ పద్ధతులకు నిబంధనల్లో చోటిచ్చారు. చోటివ్వడం వేరు, ఫైలు మీద సంతకం పెట్టే అధికారి వాటిని నమ్మడం వేరు.

అపోహ: సబ్బులు, క్రీములు కూడా కుక్కల మీదే పరీక్షిస్తారు.

వాస్తవం: సౌందర్య సాధనాలను ఏ జంతువుపైనా పరీక్షించడం మన దేశంలో 2014 నుంచే నిషేధం.

అపోహ: ల్యాబు కుక్క ఇంట్లో ఇమడలేదు.

వాస్తవం: రెండో కాలు చేతిలో పెట్టిన కుక్క అన్నాను కదా, పరీక్షలు ముగిశాక దాన్ని దత్తత ఇచ్చాం. గడ్డి మీద దింపితే ఒక్కో కాలూ ఎత్తి చూసుకుంది. మెట్లు ఎక్కడం రాలేదు. నెల తిరక్కుండానే ఆ ఇంటి పెద్దావిడ నుంచి ఫోను: "డాక్టరుగారూ, మీ పిల్ల దేవుడి దగ్గర పెట్టిన కొబ్బరి చిప్ప ఎత్తుకుపోయిందండీ!"