కేంబ్రిడ్జి సంతలో కాలిన కాగితాలు

1381 జూన్‌లో ఇంగ్లండులో పలుచోట్ల రైతుల తిరుగుబాటు రగులుతున్న వేళ, కేంబ్రిడ్జి పట్టణవాసులు విశ్వవిద్యాలయం మీద విరుచుకుపడ్డారు. గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చిలో దాచిన విశ్వవిద్యాలయపు పెట్టెను పగలగొట్టి, అందులోని పత్రాలను సంత కూడలిలో తగలబెట్టారు. మార్జరీ స్టార్ అనే ముసలావిడ ఆ బూడిదను గాలిలోకి చల్లుతూ పండితుల చదువులు నశించాలని అరిచిందంటారు. మధ్యయుగపు జనం చదువంటే గిట్టని మొరటువాళ్లని నమ్మేవారికి ఈ కథ బాగా నచ్చుతుంది. అది ఆ పట్టణానికి తీరని అన్యాయం.

ఆ మంటల్లో కాలిన ముఖ్యమైన కాగితాలు రాజు ఇచ్చిన హక్కు పత్రాలు. ఆక్స్‌ఫర్డ్‌లో స్థానికులతో గొడవలై 1209లో పారిపోయి వచ్చిన పండితులతో కేంబ్రిడ్జి విద్యాకేంద్రం మొదలైంది. 1231లో మూడో హెన్రీ, విద్యార్థులు ఉండే ఇళ్ల అద్దెను యజమానులు తమ ఇష్టానికి పెంచకుండా కట్టడి చేశాడు. తర్వాత విద్యార్థులతో తగాదాలు విశ్వవిద్యాలయ అధిపతి అయిన ఛాన్సలర్ కోర్టుకు చేరాయి. అంటే బాకీ పడిన విద్యార్థి మీద ఫిర్యాదుకు దుకాణదారు ఆ విద్యార్థి సొంత సంస్థ గడపే తొక్కాలి. ఇన్ని తరాలు పేరుకున్న కోపం ఒక్క పెట్టె మీద పడింది.

చదువు మీదే పగ ఉంటే, 1352లో కార్పస్ క్రిస్టీ కళాశాలను ఎవరు స్థాపించినట్టు? ఆ పట్టణానికే చెందిన రెండు సంఘాలు! ప్లేగు ఊరిని ఊడ్చేసిన మూడేళ్లకే ఆ పని చేశారు. 1381లో అదే కళాశాల మీద దాడి జరిగింది. ఊళ్లో చాలా ఇళ్ల నుంచి అది కొవ్వొత్తుల పేరుతో పన్ను వసూలు చేసేది మరి.

పట్టణం విద్యార్థులను ఆదుకున్న ఆనవాళ్లు మట్టిలోనూ దొరికాయి. పట్టణవాసులు సుమారు 1195లో సెయింట్ జాన్ ధర్మ ఆసుపత్రిని నెలకొల్పారు. దాని శ్మశానంలో 2010 నుంచి 2012 వరకు తవ్వకాలు జరిగాయి. అక్కడ దొరికిన ఎముకలపై పరిశోధన 2023లో వెలువడింది. కాయకష్టం చేసిన మగవారికి కుడి చేతి ఎముక బలంగా పెరుగుతుంది. కొందరు యువకుల చేతులు రెండూ సమానంగా ఉన్నాయి. వారు విద్యార్థులు అయ్యుంటారని పరిశోధకుల అంచనా. తల్లిదండ్రులు లేని పిల్లల పక్కన, చితికిపోయిన కుటుంబాల వారి పక్కన వారినీ పాతిపెట్టారు.

మధ్యయుగపు పట్టణవాసులు మురికి జనమన్న నింద కూడా ఎముకల దగ్గర తేలిపోతుంది. 2022లో వెలువడిన అధ్యయనంలో మామూలు పట్టణవాసుల్లో 32 శాతం మందికి పేగు పురుగులు ఉన్నట్టు తేలింది. మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు ఉన్న అగస్టీనియన్ మఠంలోని సన్యాసుల్లో అది 58 శాతం. తోటలకు మలం ఎరువుగా వేయడం కారణం కావచ్చని పరిశోధకుల ఊహ.

1381 తర్వాత రాజు విశ్వవిద్యాలయం పక్షమే వహించాడు. రొట్టె, బీరు ధరల మీద అజమాయిషీని 1382లో దానికే అప్పగించాడు. ఆ ప్రత్యేకాధికారాల్లో చాలావాటిని 1856లో పార్లమెంటు చట్టం రద్దు చేసింది.