కదలని మూడో భాగం

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

తెనాలి చేరి పది రోజులైంది. మాంచెస్టర్‌లో మీ పక్కన కూర్చుని బీబీసీ వాళ్ల ‘డాక్టర్ హూ’ సీరియల్ చూడటం మొదలుపెట్టాను కదా, ఇంటికొస్తే ఆ పిచ్చి తగ్గుతుందని మీ అమ్మ అనుకుంది. తగ్గలేదు. మీరు నా పెట్టెలో సర్దిన డీవీడీలు రోజుకో భాగం చొప్పున చూస్తున్నాను. రాత్రి అన్నం తిన్నాక అది పెట్టకపోతే ఏదో మర్చిపోయినట్టు ఉంటోంది.

“కొత్తవి అంత బాగుంటే, ఆ పాత బ్లాక్ అండ్ వైట్‌వే ఎందుకు చూస్తావు అమ్మమ్మా?” అని అడిగారు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మొన్న 1968 నాటి ‘ద వెబ్ ఆఫ్ ఫియర్’ పెట్టాను. లండన్‌లో భూమి కింద రైళ్లు తిరిగే సొరంగాల్లోకి యతీలనే బొచ్చు రాకాసులు వచ్చే కథ. మొత్తం ఆరు భాగాలు. మూడో భాగానికి వచ్చేసరికి బొమ్మ కదలడం మానేసింది. ఒకదాని తర్వాత ఒకటి ఫొటోలు వస్తున్నాయి, మాటలు మాత్రం మామూలుగా వినిపిస్తున్నాయి. డిస్కు పాడైందేమోనని తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. అదే వరస. మీ అమ్మకి ఫోన్ చేస్తే అప్పుడు చెప్పింది, ఆ భాగం బొమ్మ ప్రపంచంలో ఎక్కడా దొరకలేదని.

ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైన వస్తువు. ఒకసారి ప్రసారమైపోయాక ఇంకెవరు చూస్తారని బీబీసీ వాళ్లు పాతవి చెరిపేసి, ఆ టేపుల మీదే కొత్త కార్యక్రమాలు రికార్డు చేసుకునేవారు. అలా పోయిన ‘డాక్టర్ హూ’ భాగాలు ఇప్పటికీ తొంభైకి పైనే దొరకలేదు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము కాపీలు మాత్రం అక్కడక్కడ మిగిలాయి. ఈ కథలో చాలా భాగాలు అలాగే నైజీరియాలో జోస్ అనే ఊళ్లో బయటపడ్డాయి. ఆ సంగతి 2013లో లోకానికి చెప్పారు. మూడోది మాత్రం రాలేదు.

మరి మాటలు ఎలా మిగిలాయంటారా? పిల్లల వల్ల! ఇళ్లలో వీడియో రికార్డర్లు లేని కాలం. ఈ కథల మీద పిచ్చి ఉన్న కుర్రాళ్లు శనివారం సాయంత్రం టేప్ రికార్డరు మైకు టీవీ దగ్గర పెట్టుకుని మాటలన్నీ పట్టుకున్నారు. మళ్లీ వినాలన్న ఆశ తప్ప వాళ్లకి ఇంకో ఆలోచన లేదు. బొమ్మ పోయిన ప్రతి భాగానికీ ఈరోజు శబ్దం ఉందంటే అది వాళ్ల చలవే. పెద్ద సంస్థ అక్కర్లేదనుకున్నది పిల్లల దగ్గర భద్రంగా ఉంది.

ఇది వినగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మీ ముత్తాత హరిశ్చంద్రుడి వేషం కట్టేవాడు. కాటిసీను పద్యం అందుకుంటే జనం “వన్స్ మోర్” అనేవారు. మా వీధిలో ఒకరింట్లో టేప్ రికార్డరు ఉండేది. అడిగితే ఇచ్చేవారే. మాకెవరికీ తోచలేదు. ఆ గొంతు ఎలా ఉండేదో మీకు వినిపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

అందుకే ఆ పాత భాగాల్లో నేను చెవి పెట్టి వింటాను. డాక్టరు కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే నీలం డబ్బా బయలుదేరేటప్పుడు వచ్చే రొద ఉంది కదా, అది బ్రయన్ హాడ్జ్‌సన్ అనే ఆయన పాత పియానో తీగల మీద వాళ్లమ్మ ఇంటి తాళంచెవితో గీసి పుట్టించిన శబ్దం. 1963 నవంబర్ 23న వచ్చిన మొట్టమొదటి భాగానికి దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. ఇది తెలిసినప్పుడు నాకెంత సంతోషమైందో!

డాక్టరు వేషం కట్టిన మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్‌కి ఆరోగ్యం చెడింది, వేషం ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే 1966లో కథలో ఆ ముసలి డాక్టరు కింద పడిపోయి, ముఖం వెలిగిపోయి, ఇంకో మనిషిగా లేస్తాడు. ఆ భాగం కూడా పోయింది. ఆయన మారిపోయే ఆ కాస్త ముక్కనీ వేరే పిల్లల కార్యక్రమంలో వాడుకున్నారు కాబట్టి మనకి దక్కింది. నేను దాన్ని నాలుగుసార్లు చూశాను. ఆయన చెయ్యి తడబడటం చూస్తే గుండె పట్టేస్తుంది.

మీ అమ్మ మీ చదువు గురించి బెంగపడుతోంది. హోంవర్కు అయ్యాకే చూడండి, అందులో నేనూ ఆవిడ మాటే. కానీ ఆ పిచ్చి మంచిది కాదంటే మాత్రం ఒప్పుకోను. గ్లాస్గోలో పదిహేనేళ్ల పిల్లాడు ఈ కార్యక్రమం గురించి ఒక పత్రికకి ఉత్తరం రాస్తే 1974లో అచ్చయింది. ఆ పిల్లాడే పీటర్ కపాల్డి. మీకిష్టమైన డాక్టరు!

నైజీరియాలో దొరికినవాటిలో ‘ద ఎనిమీ ఆఫ్ ద వరల్డ్’ కూడా ఉందట. అది నా పెట్టెలో లేదు. వేసవికి వచ్చేటప్పుడు తెండి. నేను ముందుగా చూడను, ముగ్గురం కలిసి చూద్దాం.

మీ అమ్మమ్మ