టిక్కులూ సున్నాలూ కనిపించని జాబితా

బడి ఆటల జట్ల ఎంపికలు మొదలయ్యాయంటే విశాఖలో ఆటలు నేర్పే పీఈటీ మాస్టార్ల ఫోన్లు రాత్రిళ్లు కూడా మోగుతూనే ఉంటాయి. ఈసారీ అంతే. మా అమ్మాయి పేరెందుకు లేదని వాట్సాప్ గ్రూపులో మొదలైన మాట హెడ్మాస్టర్ గదిదాకా వెళ్తోంది. కొందరు మాస్టార్లు గ్రూపుల్లోంచి తప్పుకుంటున్నారు. బడుల మధ్య పోటీలు నడిపే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో పుట్టడం, అండర్-14, 17, 19 విభాగాలు, మండలం నుంచి రాష్ట్రందాకా ఉన్న మెట్లు, ఇవన్నీ ఆడే పిల్లలున్న ఇళ్లలో తెలిసినవే. గొడవకు మూలం వాటిలో లేదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక జరిగినదాంట్లో ఉంది.

అంతకుముందు వాలీబాల్ కోర్టు పక్కన మాస్టారు లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని నిలబడేవారు. ఒక్కొక్కరికీ పది సర్వీసులు. బంతి వల దాటి గీత లోపల పడితే టిక్కు, లేకపోతే సున్నా. తర్వాత సుద్దముక్క చేతికిచ్చి, గోడ దగ్గర ఎగిరి గీత గీయమనేవారు. పిల్లను తీసుకెళ్లడానికొచ్చిన నాన్న స్కూటర్ దిగకుండానే అడిగితే, నోట్‌బుక్ తిప్పి చూపించేవారు. మా అమ్మాయి పేజీ నేనూ చూశాను. ఆరు టిక్కులు, నాలుగు సున్నాలు. జట్టులో పేరు రాలేదు. బాధేసింది కానీ అనుమానం రాలేదు.

కరోనాలో పాఠాల కోసం తరగతికో వాట్సాప్ గ్రూపు వచ్చింది. 2020 నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులు మొదలైనా, రెండో వేవ్‌తో మళ్లీ తలుపులు మూసి, 2021 ఆగస్టు 16న తెరిచారు. పాఠాలు తరగతి గదికి తిరిగొచ్చాయి. గ్రూపులు మాత్రం ఉండిపోయాయి. మాస్టారి సొంత నంబరు వందలమంది చేతికి చేరింది. నోటీసుబోర్డు మీద ఉండాల్సిన జాబితా రాత్రిపూట ఫొటోగా రావడం మొదలైంది. అందులో పన్నెండు పేర్లుంటాయి. టిక్కులూ సున్నాలూ ఉండవు. పేరు లేని పిల్ల ఇంట్లో ఆ ఫొటోను పెద్దది చేసి, ఎవరి పిల్ల ఎవరికి చుట్టమో వెతుకుతారు. నా లెక్కలో మనస్పర్థ మొదలైంది ఆ ఫొటోతోనే.

ఆ పేర్ల విలువ అప్పటికే పెరిగి ఉంది. 2018లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం తొలి ఖేలో ఇండియా స్కూల్ గేమ్స్ జరిపినప్పుడు, ఎంపికైన వెయ్యిమందికి ఏడాదికి 5 లక్షల చొప్పున 8 ఏళ్లు సాయం అన్నారు. ఇక్కడేమో 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలయ్యాక కూడా ఎంపికలు ఉమ్మడి జిల్లా పేరుతోనే జరిగాయి. పాడేరు కొండల పిల్లలు, అనకాపల్లి పిల్లలు, నగరం పిల్లలు అందరికీ కలిపి జిల్లా జట్టులో అవే పన్నెండు చోట్లు.

తల్లిదండ్రులు అడిగేది న్యాయమే. ఫీజు కట్టి పంపే అకాడమీ సార్ రోజూ వీడియో పంపి, బాగా ఆడుతోందంటాడు. బడి జాబితాలో పేరుండదు. కారణం చెప్పేవాళ్లుండరు.

మాస్టార్ల వైపు నుంచి చూస్తే మాత్రం గుండె బరువెక్కుతుంది. ఉదయం అసెంబ్లీ ఆయనదే, మధ్యాహ్నం భోజనాల లైను ఆయనదే, అల్లరి పిల్లల పంచాయితీలూ ఆయనవే. బడి వదిలాక చీకటిపడేదాకా ప్రాక్టీసు చేయించేది సొంత ఇష్టంతోనే. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటిన బడికి వ్యాయామం నేర్పేందుకు పార్ట్‌టైమ్ మనిషిని ఇస్తే చాలంది. అలాంటి మనిషి రాత్రి పదింటికి గ్రూపులో సంజాయిషీ ఇచ్చుకోవాలి. 2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున నేను వెళ్లిన బడిలో ఆయన విజిల్ వేస్తూ నాన్నల చేత తాడు లాగించారు. లెక్కల టీచరు, సైన్సు టీచరు తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడారు. ఆయనకు కుర్చీ వేయలేదు.

అమెరికాలో చాలా హైస్కూళ్లలో సీజన్ మొదలవకముందే కోచ్ తల్లిదండ్రులను కూర్చోబెట్టి, జట్టును ఎలా ఎంచుకుంటాడో చెప్తాడు. మ్యాచ్ అయ్యాక 24 గంటలదాకా ఫిర్యాదుతో రాకూడదు, వచ్చినా పక్కింటి పిల్ల ఊసెత్తకూడదు. మన దగ్గర ఇప్పుడు గ్రూపులు మూసేయాలన్న మాటే వినిపిస్తోంది. మూసేస్తే మెసేజీలు ఆగుతాయి. పేరెందుకు రాలేదన్న ప్రశ్న ఆగదు.

పోయినవారం కోర్టు దగ్గర ఒక మాస్టారి నోట్‌బుక్ చూశాను. ఈ ఏడాది టిక్కులూ సున్నాలూ అన్నీ ఉన్నాయి. ఈ పేజీ కూడా ఫొటో తీసి పెట్టొచ్చు కదండీ అన్నాను. మిగతా పిల్లల సున్నాలు ఊరందరికీ ఎలా పంపుతానండీ అన్నారు. జాబితా పెట్టిన రాత్రి నుంచి మెసేజీలు వస్తూనే ఉన్నాయట. వచ్చి ఆ పేజీ చూస్తామన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరట.