కదలని భాస్వరం, కాళ్ళరిగేలా తిరిగే వేర్లు

మొన్న ఒకరు అడిగారు: "సారం లేని నేలలో బంగాళాదుంప మొక్క గిడసబారిపోతుంది కదా, మరి వేర్లు కూడా అలాగే కుంచించుకుపోతాయా?" ఠక్కున అవునని చెప్పబోయి ఆగాను. జరిగేది దాదాపు తలకిందులు. మొక్క మొత్తంగా చిన్నదవుతుంది, నిజమే. కానీ ఉన్న కాస్త ఆస్తిలోనే ఆకుల వాటా తగ్గి వేర్ల వాటా పెరుగుతుంది. ఆకులు తయారుచేసిన చక్కెర మామూలుకంటే ఎక్కువగా కిందికి దిగుతుంది. ఒళ్ళు చిక్కి నోరు పెద్దదైనట్టు అన్నమాట.

దుంప వేరు కాదు, కాండం అన్న సంగతి చెప్పక్కర్లేదు. అది బడిలో ఏటా వచ్చే రెండు మార్కుల ప్రశ్న. దాని మీది కళ్ళు నిజానికి కణుపులని రాస్తే మార్కులు వచ్చేస్తాయి, కానీ మరి అసలు వేర్లు ఎక్కడున్నాయని మాత్రం ఎవరూ అడగరు. అవి మట్టిలో ఉన్న కాండం కణుపుల దగ్గర సన్నగా, తెల్లగా పుట్టుకొస్తాయి. విత్తన దుంప నుంచి మొలిచిన మొక్కకి తల్లివేరు ఉండదు. వేర్లలో ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్ల మట్టిలోనే తచ్చాడుతుంటాయి. గోధుమతో పోలిస్తే ఇది బీద సంసారమే.

ఇక "సారం" అనే మాట. ఏ సారం? నత్రజనా, భాస్వరమా? (పొటాషియం గొడవ ఇవాళ వదిలేద్దాం.) మనం రెంటినీ ఒకే బస్తాలో పోసి ఎరువు అంటాం కానీ, వేరుకి అవి రెండు పూర్తిగా వేరే తలనొప్పులు.

నత్రజని వేరుకి ఎక్కువగా అందే రూపం నైట్రేట్, అది నీళ్ళలో కరిగి నీళ్ళతోపాటే నడుస్తుంది. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ వేరు మట్టిలోని నీటిని లాగుతుంది, ఆ ప్రవాహంలో నైట్రేట్ గుమ్మం దాకా కొట్టుకొస్తుంది. అప్పు తీసుకున్నవాడు ఒకటో తారీఖున తానే వచ్చి చేతిలో డబ్బు పెట్టి వెళ్ళినట్టు. భాస్వరం అందే రూపమైన ఫాస్ఫేట్ అలా కాదు, అది మొండి బాకీ. ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియంలనీ, సున్నపు నేలల్లో కాల్షియంనీ కరుచుకుని కూర్చుంటుంది. మనమే వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుంటే తప్ప పైసా రాలదు.

ఎంత మొండిదో ఒక లెక్క వేద్దాం, నాకు ఈ లెక్కంటే భలే ఇష్టం. మట్టిలో ఫాస్ఫేట్ వ్యాపన గుణకం (అణువులు వాటంతటవే ఎంత చురుగ్గా విస్తరిస్తాయో చెప్పే అంకె) సెకనుకి 10⁻¹² నుంచి 10⁻¹⁵ చదరపు మీటర్ల మధ్య ఉంటుంది. 10⁻¹³ అనుకోండి. దాన్ని కాలంతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే అణువు సగటున ఎంత దూరం జరుగుతుందో వస్తుంది. ఒక రోజుకి 0.13 మిల్లీమీటర్లు. పోనీలే, పది రోజుల్లో 1.3 వస్తుందిగా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వ్యాపనంలో పది రెట్ల దూరానికి వంద రెట్ల సమయం పడుతుంది. అంటే 1.3 మిల్లీమీటర్లకి 100 రోజులు! ఆలోపు చాలా బంగాళాదుంప రకాల పంటకాలమే అయిపోతుంది. చంద్రుడు క్షీణిస్తున్న రోజుల్లో దుంపలు నాటితే వేర్లు బాగా దిగుతాయని చాలా దేశాల్లో ఒక నమ్మకం ఉంది. నమ్మేవాళ్ళతో నాకు పేచీ లేదు కానీ, ఆ 0.13ని చంద్రుడు 0.14 చెయ్యలేడు.

ఫలితం ఏమిటంటే, ప్రతి వేరు చుట్టూ మహా అయితే మిల్లీమీటరు మందాన ఒక ఖాళీ తొడుగు ఏర్పడుతుంది. ఆ వీధిలో వసూలు చేయగలిగిందంతా చేసేశారు, ఇక అక్కడ ఎన్నాళ్ళు కూర్చున్నా దండగ. పక్క వీధిలో బాకీలున్నాయి, కానీ అవి నడిచి రావు. మట్టి పరీక్షలో మొత్తం భాస్వరం బోలెడు ఉందని వచ్చినా మొక్క పస్తుండేది ఇందుకే. మట్టి నీటిలో కరిగి ఉండే ఫాస్ఫేట్ సాధారణంగా లీటరుకి 10 మైక్రోమోల్స్ కూడా ఉండదు, వేరు కణం లోపలేమో మిల్లీమోల్స్‌లో ఉంటుంది. లోపల వెయ్యి రెట్లు ఎక్కువున్నా ఇంకా లోపలికే లాగాలి! అందుకే కణం ముందు శక్తి ఖర్చుపెట్టి ప్రొటాన్లని బయటికి తోస్తుంది, అవి తిరిగి లోపలికి దూకేటప్పుడు ఫాస్ఫేట్‌ని వెంటబెట్టుకొస్తాయి. వాటికి ఇలా దారి ఇచ్చే తలుపుల్లాంటి ప్రొటీన్లలో రెండిటిని బంగాళాదుంపలో 1997లోనే గుర్తించారు.

మరి కొత్త వీధులకి ఎవరు వెళ్ళాలి? లావు వేరు పంపడం అంటే ఐదు రూపాయల బాకీకి కారేసుకుని వెళ్ళడం. సన్నగా వెళ్ళాలి. 0.3 మిల్లీమీటర్ల మందం, ఒక సెంటీమీటరు పొడవున్న వేరు ముక్కని తీసుకోండి. అదే సరుకుని 0.01 మిల్లీమీటర్ల మందంతో సాగదీస్తే 9 మీటర్లు వస్తుంది! మందం 30వ వంతైతే పొడవు 900 రెట్లు. మూలకేశం మందం సుమారుగా అంతే. ఒక్కో కేశం వేరు పైపొరలోని ఒకే ఒక్క కణం, గొట్టంలా బయటికి సాగింది, అంతే. భాస్వరం తగ్గితే చాలా మొక్కల్లో ఈ కేశాలు పొడుగవుతాయి, ఒత్తుగా కూడా వస్తాయి.

వీటిని చూడాలంటే మొక్కని పీకి కడిగితే లాభం లేదు, తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పీకిన వేరుని కడగకుండా మెల్లగా విదిలించండి. కొసన అర సెంటీమీటరు శుభ్రంగా తెల్లగా ఉంటుంది, దాని వెనక నుంచి మట్టి రేణువులు తొడుగులా అంటుకుని ఉంటాయి. వాటిని పట్టుకున్నది కేశాలే. తడి కాగితం మీద ముల్లంగి గింజలు మొలకెత్తిస్తే ఇంకా బాగా, తెల్లటి నూగులా కనిపిస్తాయి. నేను చూపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు "అయ్యో, బూజు పట్టింది" అని పారెయ్యబోతారు.

ఇంకా సన్నగా కావాలంటే మొక్క దగ్గర దారి లేదు, బయటి ఏజెంట్లని పెట్టుకోవాల్సిందే. వేర్లతో కాపురం చేసే శిలీంధ్రాలున్నాయి, వాటి పోగులు కొన్ని 0.003 మిల్లీమీటర్లే ఉంటాయి. ఇందాకటి లెక్కే మళ్ళీ వెయ్యండి: 10,000 రెట్లు, అంటే ఆ సెంటీమీటరు ముక్క 100 మీటర్లవుతుంది. కమీషన్ తక్కువేం కాదు. మొక్క తయారుచేసుకున్న కార్బన్‌లో 4 నుంచి 20 శాతం దాకా చక్కెరగా, కొవ్వుగా తీసుకుంటాయి. అవి వేరు కణంలోకి దూరి చిన్న చెట్టులా కొమ్మలేసి అక్కడ భాస్వరాన్ని అప్పజెబుతాయి. ఆ కణాల్లో మాత్రమే పనిచేసే ఫాస్ఫేట్ తలుపుని 2001లో కనిపెట్టింది బంగాళాదుంప వేర్లలోనే.

ఏజెంట్లని పిలవడానికి ప్రకటన వెయ్యాలి కదా. ఆకలితో ఉన్న వేరు స్ట్రైగోలాక్టోన్లనే రసాయనాలని మట్టిలోకి వదులుతుంది, వాటి వాసనకి శిలీంధ్రం పోగులు కొమ్మలేసి వేరు వైపు వస్తాయి. తమాషా ఏమిటంటే ఈ ప్రకటనని దొంగలు కూడా చదువుతారు. ఒరబాంకి అనే పరాన్నజీవి కలుపు విత్తనాలు మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతూ సరిగ్గా ఈ రసాయనం తగలగానే మొలిచి వేరుని కరుచుకుంటాయి. బంగాళాదుంపనీ వదలవు. శాస్త్రవేత్తలకి ముందు దొరికింది కూడా దొంగే: 1966లో ఈ రసాయనం పరాన్నజీవి విత్తనాలని లేపుతుందని తెలిసింది, ఇది అసలు శిలీంధ్రాలకి రాసిన ఉత్తరం అని తెలియడానికి 2005 దాకా పట్టింది. అన్నేళ్ళూ తనకే చేటు తెచ్చే పదార్థాన్ని మొక్క ఎందుకు తయారుచేస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు.

భాస్వరం తగ్గిందని కణానికి ఎలా తెలుస్తుందనేది కొంచెం చిక్కు వ్యవహారం. ఫాస్ఫేట్ దండిగా ఉంటే ఇనోసిటాల్ పైరోఫాస్ఫేట్లనే చిన్న అణువులు కూడా దండిగా ఉంటాయి, అవి జిగురులా పనిచేసి ఎస్పీఎక్స్ ప్రొటీన్లని పీహెచ్ఆర్ అనే స్విచ్ ప్రొటీన్‌కి అంటించి దాన్ని కదలనివ్వవు. ఫాస్ఫేట్ తగ్గితే జిగురు తగ్గుతుంది, పీహెచ్ఆర్ విడిపోయి వందల జన్యువులని లేపుతుంది. తలుపులు పెరుగుతాయి, బంధాలు తెంచే ఎంజైములూ ఆమ్లాలూ బయటికి వెళతాయి (లాయర్ నోటీసులన్నమాట), ఇంట్లో పొదుపు కూడా మొదలవుతుంది. కణం పొరల్లో ఉండే భాస్వరపు కొవ్వులని ఊడబీకి, వాటి స్థానంలో భాస్వరం అక్కర్లేని చక్కెర కొవ్వులు, గంధకపు కొవ్వులు బిగిస్తుంది. వెండి తలుపులు అమ్ముకుని చెక్క తలుపులు పెట్టుకోవడం! ఇందులో చాలా భాగం అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కలో తేలింది. ఆ మొక్కలో కనిపించిందల్లా బంగాళాదుంపకి అంటగట్టడం నాకు ఇష్టం ఉండదు. భాస్వరం తగ్గితే దాని తల్లివేరు పెరగడం ఆగిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది, మన దుంప మొక్కకి అసలు తల్లివేరే లేదాయె.

నత్రజని దగ్గరికొచ్చేసరికి నా వసూళ్ళ పోలిక కుంటుతుంది. నైట్రేట్ నీటితో వస్తుంది, నిజమే, కానీ వానలెక్కువైతే అదే నీటితో కిందికి జారిపోతుంది కూడా. భాస్వరం కోసం పైపొరలో పరుచుకోవాలి, నైట్రేట్ కోసం లోతుకి దిగాలి, ఒకే చక్కెరతో రెండూ కుదరవు. బంగాళాదుంప వేర్లు ఎలాగూ పైనే ఉంటాయి కాబట్టి, జారిపోయిన నైట్రేట్ దానికి అందదు. 1975లో డ్రూ అనే శాస్త్రవేత్త బార్లీ వేరులో మధ్య భాగానికి మాత్రమే నైట్రేట్ బాగా అందేలా చేస్తే, పిల్లవేర్లు సరిగ్గా అక్కడే గుబురుగా వచ్చాయి. డబ్బున్న వీధి తెలిస్తే మనుషులందరినీ అక్కడికే పంపినట్టు.

దుంపల విషయంలో నత్రజని చేసే పని మరీ విచిత్రం. మట్టి లేకుండా పోషక ద్రావణంలో పెంచిన మొక్కల మీద 1970లలో జర్మన్ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేశారు. నైట్రేట్ ఆగకుండా అందుతుంటే తీగల్లాంటి పిలకలు సాగుతూనే పోయాయి, దుంప పడలేదు. కొన్ని రోజులు నైట్రేట్ ఆపితే చివర్లు ఉబ్బి దుంపలయ్యాయి. మళ్ళీ ఇస్తే దుంప ఊరడం ఆగి, దాని కొస నుంచే మళ్ళీ తీగ సాగింది. మళ్ళీ ఆపితే ఆ తీగ చివర ఇంకో దుంప. అలా ఒకే తీగకి గొలుసులా దుంపలు. వాటి మధ్య సన్నని మెడ ఉన్నచోటల్లా మొక్కకి నైట్రేట్ బాగా అందిన రోజులన్నమాట.